పాట తెగే చోటే సాధన చెయ్యాలి

సంపాదకునికి,

అయ్యా,

గిటార్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులైనా, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునే పెద్దలైనా మొట్టమొదట అడిగేది ఒకటే: రోజుకు ఎన్ని గంటలు వాయించాలి? సంగీతం గురించి వచ్చే వ్యాసాల్లోనూ దానికే జవాబులు కనిపిస్తుంటాయి. ఒకరు గంట అంటారు, ఇంకొకరు మూడు గంటలంటారు. ఆ మాట పట్టుకుని నేర్చుకునేవాళ్లు గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆరు నెలలు గడిచినా అదే పాట అదే చోట తెగుతోంది. చివరికి ‘నాకు చెయ్యి తిరగదు’ అనుకుని గిటార్‌ను మూలన పెట్టేస్తున్నారు. అలా మానేసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఎందుకంటే చాలామంది విషయంలో లోపం చేతిలో లేదు, సాధన చేసే వరుసలో ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క వేద్దాం. 4 నిమిషాల పాట ఉంది. అందులో చెయ్యి తడబడేది ఒకే ఒక్క చోట, అదీ 4 సెకన్ల పాటు. పాటను మొదటి నుంచి చివరిదాకా 10 సార్లు వాయిస్తే 40 నిమిషాలు అయిపోతాయి. అంతసేపట్లో కష్టమైన చోటుకు దక్కింది 40 సెకన్లే. మిగతా సమయమంతా ముందే వచ్చినదాన్ని మళ్లీ వాయించడంతో సరిపోయింది. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ పదిసార్లూ చెయ్యి తడబడితే, పదిసార్లూ తడబాటునే సాధన చేసినట్టు. ఏది తప్పో ఏది ఒప్పో వేళ్లకు తెలియదు, ఎక్కువసార్లు చేసిందే వాటికి అలవాటవుతుంది. అదే చోటును పాటలోంచి విడదీసి, 4 సెకన్ల పనిని 12 సెకన్లకు సాగదీసి, 5 నిమిషాలు చేసి చూడండి. 25 సార్లు పడుతుంది, అన్నిసార్లూ శుభ్రంగా పడుతుంది. 40 నిమిషాల్లో రానిది ఈ 5 నిమిషాల్లో వస్తుంది.

రోజుకు 45 నిమిషాలు దొరికేవాళ్ల కోసం ఒక వరుస చెబుతాను. శ్రుతి చేసుకోవడానికి 2 నిమిషాలు, వేళ్లు సడలించుకోవడానికి 5, కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల పట్లు) మధ్య మార్పులకు 10, లయకు 8, పాటలోని ముక్కకు 12, చెవికి 5, చివరి 3 నిమిషాలు మనసుకు నచ్చింది వాయించుకోవడానికి. నిమిషాలు అటూ ఇటూ అయినా పరవాలేదు కానీ వరుస మాత్రం మార్చకండి. కష్టమైన మార్పులు మొదటి ఏడు నిమిషాలు దాటాక, వేళ్లు వేడెక్కి బుర్ర ఇంకా తాజాగా ఉన్నప్పుడే చెయ్యాలి. చాలామంది ముందు ఇష్టమైన పాటలు వాయించి, అలసిపోయాక కష్టమైనవి మొదలుపెడతారు. అప్పుడు మణికట్టు బిగుసుకుపోతుంది, నొక్కుడు ఎక్కువవుతుంది, తప్పులు పెరుగుతాయి.

శ్రుతి సంగతి త్వరగా చెప్పేస్తాను. తీగను ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ స్వరానికి తేవాలి. స్వరం దాటిపోతే బాగా వదులు చేసి మళ్లీ పైకి రావాలి. పైనుంచి వదులు చేసుకుంటూ వచ్చి ఆపేస్తే బిరడాలో మిగిలిన వదులు వల్ల రెండు నిమిషాల్లోనే తీగ దిగిపోతుంది. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) వాడేవాళ్లు అది 440 హెర్ట్జ్ మీద ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. అప్పుడు 5వ తీగ (అన్నిటికంటే సన్నది 1వ తీగ, లావుది 6వది) 110 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. పొరపాటున ఆ అంకె మారి ఉంటే మీ గిటార్ దానికదే బాగా మోగుతుంది గానీ, పాటతో కలిపి వాయిస్తే కలవదు.

వేళ్లు సడలించుకునే 5 నిమిషాల్లో చాలామంది చేసేది వేగం పందెం. చూపుడు, మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్లను వరుసగా నాలుగు ఫ్రెట్ల (మెడ మీద లోహపు కడ్డీలు విడదీసే గళ్లు) మీద వేస్తూ ఆరు తీగలూ తిరిగే అభ్యాసం అందరికీ తెలిసిందే. దాన్ని మొదటి ఫ్రెట్ దగ్గర కాకుండా 5వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి, వేళ్లు సాగదీయక్కర్లేదు. మెట్రోనోమ్ (లయకు టిక్కు టిక్కుమనే పరికరం) 60 మీద, అంటే నిమిషానికి 60 టిక్కుల మీద పెట్టి, ఒక్కో టిక్కుకు ఒక్కో స్వరం చొప్పున వాయించండి. ఇక్కడ చూసుకోవాల్సినవి రెండే. వేసిన వేలు, తర్వాతి వేలు పడేదాకా లేవకూడదు. ఖాళీగా ఉన్న చిటికెన వేలు ఆకాశంలోకి నిక్కకూడదు, తీగకు సెంటీమీటరు లోపు ఎత్తులోనే ఉండాలి. ఎంత ఎత్తుకు లేస్తే కిందికి రావడానికి అంత సమయం పడుతుంది. వేగం రాకపోవడానికి సగం కారణం అదే.

నొక్కుడు సంగతి కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. తీగ మీద వేలు ఊరికే ఆనించి కుడిచేత్తో మీటుతూ ఉండండి. మొదట ‘టక్’మని చచ్చిన శబ్దం వస్తుంది. కొద్దికొద్దిగా నొక్కుతూ పోతే ఝుమ్మని గరగర వస్తుంది, ఆ తర్వాత స్వరం తేటపడుతుంది. తేటపడిన ఆ క్షణంలో ఎంత నొక్కారో అంతే చాలు. అంతకు మించి నొక్కేదంతా వృథా, పైగా స్వరం కాస్త పైకి కూడా పోతుంది. వేలు ఫ్రెట్ లోహపు కడ్డీకి ఆనుకుని, దాని వెనకే ఉండాలి. రెండు కడ్డీల నడుమ వేస్తే అదే స్వరానికి ఎక్కువ బలం కావాలి. ఎడమచేతి బొటనవేలు మెడ వెనక, దాదాపు మధ్యవేలికి ఎదురుగా ఉంటే మణికట్టు వంకర పోదు.

ఇక అసలు విషయం కార్డ్‌ల మార్పు. పుస్తకాల్లో బొమ్మలు కార్డ్‌ను చూపిస్తాయి గానీ, ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు వేళ్లు ఎలా నడవాలో చూపించవు. పాట తెగేది అక్కడే. సీ (C) కార్డ్ నుంచి జీ (G) కార్డ్‌కు మారడాన్నే చూడండి. సీలో ఉంగరపు వేలు 5వ తీగ 3వ ఫ్రెట్ మీద, మధ్యవేలు 4వ తీగ 2వ ఫ్రెట్ మీద, చూపుడు వేలు 2వ తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంటాయి. జీని చాలామంది మధ్యవేలు 6వ తీగ 3వ ఫ్రెట్, చూపుడు వేలు 5వ తీగ 2వ ఫ్రెట్, ఉంగరపు వేలు 1వ తీగ 3వ ఫ్రెట్‌గా నేర్చుకుంటారు. అలా పడితే ఉంగరపు వేలు 5వ తీగ నుంచి 1వ తీగ దాకా మెడకు అడ్డంగా దూకాలి, మిగతా రెండు వేళ్లూ దానికి ఎదురుదిక్కుకు పరుగెత్తాలి. అదే జీని ఉంగరపు వేలు 6వ తీగ 3వ ఫ్రెట్, మధ్యవేలు 5వ తీగ 2వ ఫ్రెట్, చిటికెన వేలు 1వ తీగ 3వ ఫ్రెట్‌గా పట్టి చూడండి. ఉంగరపు, మధ్య వేళ్లు జంట విడిపోకుండా, ఫ్రెట్ మారకుండా, పక్కనున్న లావుపాటి తీగ మీదికి జరుగుతాయి. చూపుడు వేలు లేస్తుంది, చిటికెన వేలు దిగుతుంది. అంతే. జీ తర్వాత డీ వచ్చే పాటలో మాత్రం మొదటి పద్ధతే సుఖం. అక్కడ ఉంగరపు వేలు అదే 3వ ఫ్రెట్‌లో 1వ తీగ నుంచి 2వ తీగకు జరిగితే చాలు. ఏ కార్డ్ ఎలా పట్టాలన్నది తర్వాత ఏ కార్డ్ వస్తుందన్నదాన్ని బట్టి తేలాలి. ఒకే పట్టును గుడ్డిగా అన్నిచోట్లా వాడమని చెప్పడం నేర్పేవాళ్లు చేసే పొరపాటు.

కదలనక్కర్లేని వేళ్లను కదపకపోవడం ఇంకో మెలకువ. సీ నుంచి ఏ మైనర్‌కు చూపుడు, మధ్య వేళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే 5వ తీగ 3వ ఫ్రెట్ నుంచి 3వ తీగ 2వ ఫ్రెట్‌కు రావాలి. కొత్తవాళ్లలో చాలామంది చెయ్యంతా ఎత్తేసి మళ్లీ మొదటి నుంచి పేరుస్తారు. ఈ మేజర్ (E) నుంచి ఏ మైనర్‌కైతే ఆకారం చెడకుండా మూడు వేళ్లూ ఒక్కో తీగ చొప్పున సన్నతీగ వైపు జరిగితే సరి.

మార్పును సాధన చేసే తీరు ఇది. మొదట కుడిచెయ్యి వాడకండి. మొదటి కార్డ్ పట్టండి, పట్టు సడలించండి, వేళ్లను తీగలకు కాస్త పైన గాల్లోనే ఉంచి రెండో కార్డ్ ఆకారంలోకి తెచ్చి, అన్నీ ఒక్కసారిగా దించండి. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి దిగుతుంటే ఇంకా నెమ్మదించాలని అర్థం. మొదట్లో అన్నీ ఒకేసారి దిగడం సాధ్యం కాకపోతే లావు తీగ మీది వేలు ముందు పడేలా చూసుకోండి. కొత్తవాళ్ల చెయ్యి సహజంగా సన్నతీగ వైపు నుంచి మొదలవుతుంది. కానీ కిందికి మీటేటప్పుడు ముందు మోగేది లావు తీగే. ఆ వేలు సిద్ధంగా ఉంటే మిగతా వేళ్లకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇలా 2 నిమిషాలు చేశాక ఒక్కో కార్డ్‌కు ఒక్క మీటు చొప్పున నిమిషంలో ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టి రాసుకోండి. ఆ అంకెకు అర్థం ఇదీ: నిమిషానికి 80 దెబ్బల పాటలో 4 దెబ్బలకోసారి కార్డ్ మారితే నిమిషానికి 20 మార్పులు, 2 దెబ్బలకోసారి మారితే 40. సాధనలో 30 వస్తుంటే మొదటి రకం పాట ధైర్యంగా ఎత్తుకోవచ్చు, రెండో రకానికి ఇంకా వేళ కాలేదు. పది నిమిషాల్లో రెండు మూడు జతలకు మించి పెట్టుకోకండి.

ఎఫ్ బారే కార్డ్ (చూపుడు వేలిని తీగలన్నిటికీ అడ్డంగా వేసి పట్టేది) దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో. చూపుడు వేలితో ఆరు తీగలనూ సమానంగా అదమాలని వాళ్లు నమ్ముతారు, ముంజేయి నొప్పి పుట్టేదాకా నొక్కుతారు. నిజానికి ఆ కార్డ్‌లో 5, 4, 3 తీగలను మిగతా వేళ్లు నొక్కే ఉంటాయి. చూపుడు వేలు మోగించాల్సింది 6, 2, 1 తీగలను మాత్రమే. వేలిని బల్లపరుపుగా కాకుండా బొటనవేలి వైపున్న గట్టి అంచు మీదికి కొద్దిగా దొర్లించండి, కణుపుల మధ్య గుంతలో తీగ పడకుండా వేలిని కాస్త పైకో కిందికో జరపండి. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ బిర్రుగా ఉంటుంది కాబట్టి ఇదే పట్టును ముందు 5వ ఫ్రెట్ దగ్గర నేర్చుకుని (అక్కడ అది ఏ మేజర్ అవుతుంది) వారానికో ఫ్రెట్ చొప్పున కిందికి రండి. ఈ కార్డ్‌కు రోజుకు 2 నిమిషాలు మించొద్దు, మధ్యలో చెయ్యి విదిలించుకోవాలి.

లయకు కేటాయించిన 8 నిమిషాల్లో ఎడమచెయ్యి పని తగ్గించండి. ఒకే కార్డ్ పట్టుకుని, లేదా తీగలను అరచేత్తో మూసి, కుడిచెయ్యి మాత్రం ఆడించండి. దెబ్బ మీద కిందికి, దెబ్బకూ దెబ్బకూ మధ్య పైకి. మీటినా మీటకపోయినా చెయ్యి గడియారం లోలకంలా ఆగకుండా ఊగుతూనే ఉండాలి. మీటొద్దన్నచోట తీగలను తాకకుండా గాల్లోంచి పోవాలి. కార్డ్ మారేటప్పుడు కుడిచెయ్యి ఆగిపోవడమే అన్నిటికంటే పెద్ద జబ్బు. దానికి మందు ఉంది: కార్డ్ మారేముందు వచ్చే చివరి పైమీటును ఖాళీ తీగల మీదే పడనివ్వండి. ఎడమచెయ్యి ఆ అరదెబ్బలో జరిగిపోతుంది. అనుభవజ్ఞులు వాయించేది జాగ్రత్తగా వింటే ఆ ఖాళీ మీటు వినిపిస్తుంది. తప్పుడు కార్డ్ క్షణంలో మరుగున పడుతుంది గానీ, ఆగిన లయను వినేవాళ్లెవరైనా పట్టేస్తారు. వేళ్లతో మీటేవాళ్లకూ ఇదే సూత్రం. ఇటలీకి చెందిన మౌరో జూలియాని 1812లో అచ్చువేయించిన 120 కుడిచేతి అభ్యాసాల్లో ఎడమచేతికి ఉన్నవి సీ, జీ7 రెండే కార్డ్‌లు. ఒక చేతి చిక్కు విప్పేటప్పుడు రెండో చేతికి పని పెట్టకూడదన్న తెలివి అది.

పాట ముక్క 2 నుంచి 4 బార్లకు (బార్ అంటే చాలా పాటల్లో 4 దెబ్బల లయ ఆవృత్తి) మించకూడదు. తడబడే చోటుకు ఒక బార్ ముందు మొదలుపెట్టి, ఒక బార్ తర్వాత ఆపాలి. తడబడే చోటే సరిగ్గా మొదలుపెడితే అక్కడికి ఎలా చేరాలో చేతికి తెలియదు. ఎప్పుడూ తప్పుపోని వేగం ఎంతో చూసుకోండి. 90 వేగంతో వాయించాల్సిన పాటకు అది 56 కావచ్చు, 48 కావచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వరుసగా 3 సార్లు తప్పులేకుండా వస్తే 4 పెంచండి. రెండుసార్లు తప్పితే 8 తగ్గించండి. పెంచుతూ పోవాలన్న ఆత్రంలో తగ్గించడం మర్చిపోతే మెట్రోనోమ్ ఉండీ లాభం లేదు. నెమ్మదిగా వాయించేటప్పుడు కూడా వేళ్ల కదలిక చిన్నదిగానే ఉండాలి. నెమ్మదిగా ఉన్నాం కదా అని పెద్ద పెద్ద కదలికలతో వాయిస్తే ఆ కదలికలు వేగానికి పనికిరావు.

రాత్రి చక్కగా వచ్చిన ముక్క మర్నాడు పొద్దున రావడం లేదన్న ఫిర్యాదు అందరిదీ. ఒకే ముక్కను వరుసగా 30 సార్లు వాయిస్తే చివరి పదిసార్లు బాగా రావడం సహజం, అప్పటికి చెయ్యి ఇంకా ఆ వేడిలోనే ఉంటుంది. షీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1979లో చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, రకరకాల కదలికలను కలగలిపి సాధన చేసినవాళ్లు సాధన వేళ వెనకబడ్డారు, తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం ముందున్నారు. అందుకే ముక్క ఒకసారి చేతికి పట్టుబడ్డాక మూడు ముక్కలను మార్చి మార్చి వాయించండి: మొదటిది రెండుసార్లు, రెండోది రెండుసార్లు, మూడోది రెండుసార్లు, మళ్లీ మొదటిది. తప్పులు కాస్త ఎక్కువ దొర్లుతాయి, వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. బెంగపడి మానకండి. ఈరోజు వచ్చిందా లేదా అన్నదానికి కొలత, రేపు గిటార్ చేతికి తీసుకోగానే వాయించే మొదటి ప్రయత్నం.

సమయాన్ని పంచుకోవడంలోనూ ఇలాంటిదే ఒక సంగతి ఉంది. బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పుతూ బ్యాడ్లీ, లాంగ్‌మన్ 1978లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఒక్క గంట నేర్చుకున్నవాళ్లకు మొత్తం మీద పట్టిన గంటలు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవాళ్ల కంటే తక్కువ. రోజులు మాత్రం ఎక్కువ పట్టాయి, తాము వెనకబడ్డామన్న అసంతృప్తీ వాళ్లకే ఎక్కువ. టైపింగ్ వేరు, గిటార్ వేరు. అయినా రెండూ వేళ్లకు నేర్పే పనులే. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చునేవాళ్లు ఆ సమయాన్ని వారమంతా పంచుకుంటే మేలు. రోజుకు 20 నిమిషాలే దొరికితే శ్రుతి 2, మార్పులు 8, పాట ముక్క 10. అదీ కుదరకపోతే పొద్దున పది, రాత్రి పది.

చెవికిచ్చే 5 నిమిషాలను అందరూ ఎగ్గొడతారు. ఒక తీగ మీటి, ఆ స్వరాన్ని గొంతుతో పట్టి, తర్వాతి ఫ్రెట్ స్వరం ఎలా ఉంటుందో ముందు పాడి ఆపై మీటి చూసుకోండి. తెలిసిన పాటలో కార్డ్ మారిన క్షణాన్ని చూడకుండా, విని గుర్తించండి. వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, వెంటనే వినకుండా మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు దృష్టంతా వేళ్ల మీదే ఉంటుంది, లయ పరుగెత్తిన సంగతి రికార్డులోనే తెలుస్తుంది.

నొప్పి విషయంలో తల్లిదండ్రులకు ఒక మాట. వేలి కొసలు మండడం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. స్నానం చేసిన వెంటనే వాయిస్తే నానిన చర్మం త్వరగా కోసుకుంటుంది, కాసేపు ఆగాలి. కానీ మణికట్టులో, ముంజేతిలో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మామూలు కాదు. ‘ఓర్చుకో, అలవాటవుతుంది’ అనకండి. వెంటనే ఆపించండి, మర్నాడూ అలాగే ఉంటే వైద్యుడికి చూపించండి. 25 నిమిషాలకోసారి గిటార్ కింద పెట్టి 5 నిమిషాలు చేతులు వదులుగా వేలాడనివ్వడం పెద్దలకూ అవసరమే.

పిల్లవాడు ఎంత సాధన చేసినా బారే కార్డ్ మోగకపోతే ఒకసారి గిటార్‌నూ అనుమానించాలి. స్టీల్ తీగల గిటార్ అయితే 12వ ఫ్రెట్ దగ్గర 6వ తీగ అడుగుకూ ఫ్రెట్ కడ్డీకీ మధ్య సందును సన్నని స్కేలుతో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. నాలుగు దాటితే ఏ వరుసలో సాధన చేసినా ఆ చేతులకు శిక్షే. గిటార్ బాగుచేసేవాళ్లు దాన్ని దించగలరు.

చివరగా, ఒక నోటుపుస్తకం. డైరీలా పేజీలు నింపనక్కర్లేదు. ‘సీ–జీ: 34. రెండో చరణం 5–7 బార్లు: 64 దగ్గర శుభ్రం, 68 దగ్గర చిటికెన వేలు ఆలస్యం’. ఇంత చాలు. ‘బాగా రాలేదు’ అని రాస్తే మర్నాడు ఏం చెయ్యాలో తెలియదు, ‘చిటికెన వేలు ఆలస్యం’ అని రాస్తే తెలుస్తుంది. గిటార్‌ను సంచిలోంచి తీసి కళ్లెదుట స్టాండు మీద ఉంచండి, పుస్తకాన్ని ఆ పేజీ దగ్గర తెరిచి పక్కన పెట్టండి. రేపు మొదలుపెట్టేది 64 దగ్గర, ఆ చిటికెన వేలితోనే.

ఇట్లు,
ఒక గిటార్ బోధకుడు